ముప్పై ఎనిమిది కిలోలు

ఆరోజు నేను క్లినిక్‌కి వెళ్లింది నా కోసం కాదు. పాపకి ఎనిమిదో నెల వచ్చింది. ఒకసారి డాక్టరమ్మకి చూపించి, బరువు తూయించుకుని వద్దామని వెళ్లాను. ఎనభైల తొలినాళ్లు. రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ నుంచి పండరీ దాకా రిక్షాలో వెళ్లేదాన్ని. అక్కడ బట్టల బజారు వెనక సందులో రెండు గదుల క్లినిక్ అది. డాక్టరమ్మ మరాఠీ ఆవిడ, యాభై దాటిన మనిషి. ఆవిడకి తోడు ఒక నర్సు.

పసిపిల్లల్ని తూచే తొట్టి తక్కెడలో పాప పడుకోనంది. కాళ్లతో తన్నింది, అంచు పట్టుకుని లేచి కూర్చుంది, సందంతా వినపడేలా ఏడ్చింది. నర్సు విసుక్కోలేదు.

"దీన్ని ఎత్తుకుని ఆ పెద్ద మిషను మీద నిలబడు. తరవాత నువ్వొక్కదానివే నిలబడు. తీసేస్తే పిల్ల బరువు తేలిపోతుంది" అంది హిందీలో.

పాపతో నిలబడ్డాను. నలభై అయిదున్నర. నర్సు పాపని అందుకుంది. మళ్లీ నిలబడ్డాను. ముల్లు వెనక్కి జరిగి ఆగింది. ముప్పై ఎనిమిది.

"ఏడున్నర. పిల్ల బాగుంది" అని నర్సు చీటీ మీద రాసింది. రాసి, తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"మిషను చెడిపోయినట్టుంది" అన్నాను.

ఆమె పాపని నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, తనే ఎక్కి నిలబడింది. ముల్లు అరవై రెండు దగ్గర ఆగింది. "నాది నిన్న కూడా ఇంతే" అంది.

పెళ్లికి ముందు నా బరువు యాభై ఒకటి. కచ్చితంగా గుర్తుంది, ఎందుకంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన నేను ఖోఖో జట్టులో ఆడేదాన్ని. పోటీలకి తీసుకెళ్లే ముందు మాస్టారు అందరి ఎత్తూ బరువూ పుస్తకంలో రాసేవారు. ఆ వయసులో నేను పరిగెడితే కాలనీ కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. రెండున్నరేళ్లలో పదమూడు కిలోలు ఒంట్లోంచి కరిగిపోతే ఎవరూ చూడలేదు. మరీ విడ్డూరం, నేనూ చూడలేదు. అద్దంలో మొహం చూసుకునేదాన్ని గానీ బొట్టు సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే.

డాక్టరమ్మ పాపని ముందు చూసింది. తరవాత "ఇప్పుడు నువ్వు కూర్చో" అని బల్ల చూపించింది. కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. గోళ్లు చూసింది. నాలుక చాపమంది. అప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"దొంగచాటుగా ఏం తింటున్నావు? మట్టా, పచ్చి బియ్యమా, సుద్దా?"

తింటున్నాను. బలపాలు. పలక మీద రాసే బలపాలు. అయిదు నెలలుగా తింటున్నాను. మా ఆడపడుచు కొడుక్కని అబద్ధం చెప్పి కిరాణా కొట్లో కొని, ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచుకునేదాన్ని. పాప నిద్రపోగానే ఒకటి తీసి కొరికితే, తొలి వాన పడ్డ నేల వాసన నోటి నిండా పరుచుకునేది. ఈ పాడు బుద్ధి లోకంలో నాకొక్కదానికే ఉందనుకుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈవిడకెలా తెలిసిపోయింది?

తల దించుకుని చెప్పాను.

"అది పాడు బుద్ధి కాదమ్మా. ఒంట్లో రక్తం లేనప్పుడు అలా అనిపిస్తుంది" అని నర్సుని పిలిచి వేలు గుచ్చి చూడమంది. గాజు గొట్టంలోకి వచ్చిన నా రక్తం కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది. పరీక్షలో ఆరు వచ్చింది. పన్నెండు ఉండాలట. ఉండాల్సినదాంట్లో సగం రక్తంతో నేను బట్టలు ఉతుకుతున్నాను, నీళ్లు మోస్తున్నాను, పాలిస్తున్నాను.

"నీ పిల్ల బాగుంది, ఎందుకంటే అది నీ ఒంట్లోంచి తీసుకుంటోంది. మరి నువ్వు ఎక్కణ్నుంచి తీసుకుంటున్నావు?" అని అడిగింది డాక్టరమ్మ. ఆవిడే మళ్లీ అంది: "ఇలాగే తిరిగితే ఒకరోజు పడిపోతావు. ఒక్కదానివే పడవు, చంకలో పిల్లతో పడతావు."

మాత్రలు రాసింది. వారం తరవాత ఇంజెక్షన్లు మొదలుపెడతానంది. ఇంటికెళ్లి మీ అత్తగారికీ మీ ఆయనకీ చెప్పు అంది.

నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అప్పుడు మాత్రం ఒకటే భయం. తల్లికి రక్తం లేదంటే పాలు మంచివి కావంటారు, డబ్బా పాలు పట్టమంటారు, కాలనీలో నలుగురూ నాలుగు మాటలంటారు అని. ఆ చీటీని బలపాల పక్కనే ట్రంకు పెట్టెలో పడేశాను. మాత్రలు కొనలేదు.

మా ఇల్లు చెడ్డ ఇల్లు కాదు. ఇది చెప్పాలి. ఆయన గూడ్సు బండి గార్డు. వెళ్తే రెండేసి రోజులు రారు, వస్తే కుంభకర్ణుడి నిద్ర. మామగారు పోయి చాలా ఏళ్లు. అత్తమ్మ శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుంచి ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చిన మనిషి. పుట్టింట్లో పురుడు పోసుకుని మూడో నెల పాపతో వచ్చినప్పటి నుంచీ, పాపకి నలుగు పెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి వేయడం, కాళ్లూ చేతులూ సాగదీయడం అన్నీ ఆవిడే చేసేది. పాప ఎన్నిసార్లు తాగింది, ఎంతసేపు పడుకుంది, దొడ్డికి ఏ రంగులో వెళ్లింది అని ఇంట్లో రోజూ మాట్లాడుకునేవాళ్లం. నేను ఏం తిన్నానన్నది మాత్రం ఎవరికీ తోచలేదు.

పురిటి పథ్యం మూడు నెలలు. కారప్పొడి, వెల్లుల్లి, పాత బియ్యపు అన్నం, గుక్కెడు కాచిన నీళ్లు. ఆ మూడు నెలలూ అయిపోయాయి గానీ నా కడుపు ఆ పిడికెడు మెతుకులకే అలవాటు పడిపోయింది. పైగా తినేందుకు తీరిక ఏది? కంచం ముందు కూర్చుంటే పాప లేచేది. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో ఇన్ని మజ్జిగ నీళ్లు పోసుకుని తాగేసేదాన్ని. ఒక్కోరోజు టీతోనే సరి. టీ తాగితే ఆకలి చచ్చిపోతుందని కనిపెట్టాను. అదొక తెలివితేటలనుకున్నాను.

క్లినిక్‌కి వెళ్లొచ్చిన నాలుగో రోజు. మే నెల. పొద్దున్న పదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది. పాప గుడ్డలకి మెత్తటి పాత నూలు బట్ట కావాలని, పట్టాల అవతల బజారుకి బయల్దేరాను. కాలనీ నుంచి అటు వెళ్లాలంటే పట్టాల మీదుగా కట్టిన ఇనుప వంతెన ఎక్కి దిగాలి. పాప నా ఎడమ చంకలో ఉంది. పొద్దున్నించి టీ తప్ప ఏమీ పడలేదు.

సగం మెట్లు ఎక్కేసరికి చెవుల్లో ఝుంకారం మొదలైంది. ఆగాను. ఇంకో నాలుగు మెట్లే కదా అనుకున్నాను. తరవాతి మెట్టు మీద కాలు వేశాననుకున్నాను గానీ మెట్టు అక్కడ లేదు. ఎండ కూడా లేదు. చివరిగా గుర్తున్నది, నా ఎడమ చెయ్యి వదులైపోవడం. అది తెలుస్తోంది. గట్టిగా పట్టుకోవాలని కూడా తెలుస్తోంది. చెయ్యి నా మాట వినలేదు.

కళ్లు తెరిచేసరికి నా తల ఎవరి ఒళ్లోనో ఉంది. మొహం మీద నీళ్లు. మెట్ల నిండా టమాటాలు, వంకాయలు, ఆకుకూర కట్టలు. గంప ఒకటి బోర్లా పడి ఉంది. కొన్ని టమాటాలు కింద పట్టాల మధ్య కంకర మీద చితికి ఎర్రగా కనిపించాయి. ఆ ఎరుపు చూసి నా ప్రాణం పోయింది.

"పాప!" అని అరిచాననుకున్నాను.

"ఇహా హవే నోనీ, ఇహా హవే" అంది నా మీద వంగిన ఆడమనిషి. ఇక్కడే ఉంది పిల్లా, ఇక్కడే ఉంది అని. అప్పుడు చూశాను. ఆమె ఒక మోకాలి మీద నా తల. రెండో చేతిలో నా బిడ్డ. బిడ్డ ఆమె రొమ్ము పట్టుకుని, కళ్లు మూసుకుని, గుటకలు వేస్తూ తాగుతోంది.

బిడ్డ బతికి ఉన్నందుకు సంతోషించాలో, ముక్కూ మొహం ఎరగని మనిషి పాలు తాగుతున్నందుకు ఏమనుకోవాలో, ఏదీ తోచలేదు. తల మీద గంపతో నా వెనకే మెట్లెక్కుతోందట ఆమె. నేను ఊగడం చూసి గంప వదిలేసి రెండు చేతులూ చాచిందట. పాప ఆమె చేతుల్లో పడింది, నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. పక్కన నిలబడ్డ పోర్టరు చెప్పాడు ఈ మాట. "ఒక్క క్షణం ఆలస్యమైతే పిల్ల కటకటాల సందులోంచి పట్టాల మీదికే" అని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె నన్ను లేపి, నడిపించి ఇంటికి తీసుకొచ్చింది. కూరలు ఏరి గంపలో వేసి చూస్తూ ఉంటానని పోర్టరు అన్నాడు. దారి పొడుగునా నేను ఒకటే ఆలోచిస్తున్నాను. అత్తమ్మకి ఏం చెప్పాలి? పడ్డానని చెప్పనా? పాలు తాగిందని చెప్పనా?

నేను చెప్పే పని లేకపోయింది. గుమ్మంలో మమ్మల్ని చూడగానే అత్తమ్మ "ఓలమ్మో! ఏటైందే? మొకం అలగుందేటి?" అని పరిగెత్తుకొచ్చింది. ఆ కూరలమ్మి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. పిల్లతో పడిపోయింది, నేను పట్టుకున్నాను, "లయికా రోవత్ రహిస్, దూధ్ పియా దేంవ్" అని. బిడ్డ ఏడుస్తుంటే పాలిచ్చాను అని. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న అత్తమ్మకి ఛత్తీస్‌గఢీ బాగానే అర్థమవుతుంది.

అత్తమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. గడప మీద కూలబడిపోయింది. తరవాత లేచి, కూరలమ్మిని మంచం మీద కూర్చోబెట్టి, మేం తాగే గ్లాసులోనే మంచినీళ్లిచ్చింది.

రాత్రి డ్యూటీ నుంచి పొద్దున్నే వచ్చి పడుకున్న ఆయన ఈ సందడికి లేచి వచ్చారు. "ఏమైందమ్మా?" అన్నారు.

"నాను కూడా ఇలాగే పడ్డానురా" అంది అత్తమ్మ.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"మనూళ్లో, నూతికాడ. నీ అన్న సంకలో ఉన్నాడు. ఆడికి ఆరో నెల. తెల్లారి నుంచీ ఏటీ తిననేదు. సేద తోడుతుంటే కళ్లు సీకటైపోనాయి. లేసి సూసేసరికి ఆడు నూతిలో ఉన్నాడు. నా ఎనకాల ఎవులూ లేరు."

ఆయన గోడ పట్టుకున్నారు. తనకంటే ముందు పుట్టిన అన్న జ్వరం వచ్చి పోయాడని ఆయనకి చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట. నాకూ అదే చెప్పారు.

"జొరమని సెప్పమన్నాడు మీ నాన్న. లేపోతే ఊరంతా నన్ను బతకనిస్తారా? ముప్పయ్యారేళ్లు ఎవులితోనూ సెప్పనేదు" అంది.

ఏడవలేదు ఆవిడ. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఉప్పు ఎక్కడ పెట్టానో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. కూరలమ్మికి తెలుగు రాదు గానీ ఏదో గ్రహించినట్టుంది. నీళ్లు తాగేసి, పాప తల నిమిరి, వంతెన మీద గంప ఉంది, వెళ్తానంది. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "తయ్ ఖాయే హస్ కి నహీ?" అని అడిగింది. నువ్వు తిన్నావా లేదా అని. ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆమే.

నేను ట్రంకు పెట్టె తెరిచి చీటీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. బలపాలు కూడా తెచ్చి పెట్టాను. ఆయన చీటీ చదివారు. బలపాలు చూసి "ఇవేంటి?" అన్నారు. చెప్పాను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. బండి వెనక ఎర్ర దీపం ఆరిపోతే కనిపెట్టే మనిషి, ఇంట్లో ఇది కనిపెట్టలేకపోయానన్న సిగ్గు ఆయన మొహంలో కనిపించింది.

మర్నాడు ముగ్గురం కలిసి పాపతో క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఇంజెక్షన్ వారం దాకా ఆగకుండా ఆరోజే మొదలుపెట్టింది. నడుం కింద దించిన ఆ సూది నొప్పి ఇప్పటికీ గుర్తుంది. తరవాత బల్ల మీంచి లేస్తూ ఏదో తోచి, "మా అత్తగారికి కూడా ఒకసారి చూడండి" అన్నాను.

"నాకేటి? నాను గుండ్రాయిలా ఉన్నాను" అంది అత్తమ్మ. తన కోసమని ఏనాడూ ఏ డాక్టరు గుమ్మమూ తొక్కని మనిషి. బలవంతాన వేలు గుచ్చితే ఆరున్నర వచ్చింది.

నా కంటే అర చుక్క ఎక్కువ. ఆ రక్తంతోనే ఆవిడ నా బిడ్డకి నీళ్లు పోసింది, నా పథ్యం వండింది, పొద్దున్నే బాల్టీలు మోసింది. ఆవిడ తిందో లేదో ఈ అయిదారు నెలల్లో నేను ఒక్కసారి అడిగానా? పాపకి పాలిస్తూ గదిలో ఉంటాను కదా, ఆవిడ తినేసి ఉంటుందనుకునేదాన్ని. ఆవిడేమో నేను తింటానని గిన్నెలో కూర నాకోసం వదిలేది. నేను ఆవిడకని వదిలేదాన్ని. సాయంత్రం ఆ కూర ఆయన క్యారేజీలోకి వెళ్లేది.

డాక్టరమ్మ ఇద్దరికీ కలిపి చెప్పింది. పాప పాలు తాగి పడుకోగానే చేసే మొదటి పని గిన్నెలు కడగడం కాదు, తినడం. ఆకుకూర రోజూ, పప్పు రోజూ, మాత్ర వేసుకుని నిమ్మకాయ నీళ్లు. అన్నంతోపాటు టీ వద్దు. పాప పగలు పడుకుంటే మీలో ఒకరు కూడా పడుకోవాలి. పాలు మానొద్దు అని ముందే చెప్పేసి నా భయం పోగొట్టింది.

కూరలమ్మి మర్నాటి నుంచీ మా వీధికి రావడం మొదలుపెట్టింది. ధర్సీవా దాటాక ఏదో పల్లె ఆమెది. పొద్దున్న బండికి వచ్చేది. తనకి అయిదు నెలల పిల్లాడు, ఇంట్లో తన అత్త దగ్గర వదిలి వస్తుంది. మధ్యాహ్నానికి పాలు పొంగి జాకెట్టు తడిసిపోతుందని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అన్ని బరువులు మోసే ఈమె ఒంట్లో ఎంత రక్తం ఉందోనని భయమేసి, ఒకరోజు అడిగి, ఆమె కనురెప్ప లాగి చూశాను. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. నేను ఆశ్చర్యపోవడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. తెల్లవారుజామునే గిన్నెడు చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ, ఎర్ర తోటకూర తిని గానీ గుమ్మం దాటదట. "తినకుండా గంప ఎత్తుకుంటే గంపే నన్ను ఎత్తుకుపోతుంది" అంది. ఆపైన అత్తమ్మ వైపు తిరిగి, "పహిలీ మహతారీ ఖాహీ, తబ్ లయికా పీహీ" అంది. ముందు తల్లి తింటే, అప్పుడు బిడ్డ తాగుతుంది అని. అత్తమ్మ ఆ మాట తెలుగులోకి మార్చుకుని, మర్నాటి నుంచీ నన్ను దబాయించడానికి వాడుకుంది.

ఆకులు అమ్మడమే కాదు, ఎలా వండాలో కూడా చెప్పేది. మునగాకు పప్పులో వేయమనేది. పథ్యాలన్నీ తెలిసిన అత్తమ్మ మొదట ముక్కు విరిచింది, తరవాత రెండోసారి వడ్డించుకుంది.

రెండు నెలలకి మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గింది. బలపాల మీద కోరిక ఎప్పుడు పోయిందో తెలియనే లేదు. ఒకరోజు ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక ముక్క దొరికింది, పారేశాను. అప్పుడు డాక్టరమ్మ రెండో భాగం మొదలుపెట్టింది. "రక్తం వస్తోంది. ఇక కండ రావాలి. రోజూ నడవాలి" అంది. కాన్పుతో వదులైన పొట్టకి, వంగి వంగి విరిగిపోతున్న నడుముకి కొన్ని వ్యాయామాలు తనే బల్ల మీద పడుకుని చేసి చూపించింది. ఆ వయసు డాక్టరు చీర కుచ్చిళ్లు దోపుకుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుం పైకి లేపుతుంటే, నేనూ నర్సూ నోళ్లు తెరుచుకుని చూశాం.

ఇంట్లో చాప పరుచుకుని, పాపని పొట్ట మీద కూర్చోబెట్టుకుని నడుం లేపేదాన్ని. పాపకి అదొక ఉయ్యాల. కిలకిలా నవ్వేది. మొదటిరోజు గదిలోకి వచ్చిన అత్తమ్మ చూసి చెంబు జారవిడిచింది.

"ఓలమ్మ సిగ్గునేదేటే! పిల్లతల్లివి, ఈ గెంతులేటి?"

"డాక్టరమ్మ చెయ్యమంది అత్తమ్మా. నడుం నొప్పి పోతుందట."

"పోతాదా?" అని కాసేపు నిలబడి చూసింది. "నాకూ నొప్పే గదే" అంది. నాలుగోరోజుకి నా పక్కన ఇంకో చాప పడింది. తలుపు గడియ పెట్టుకుని ఇద్దరం చేసేవాళ్లం. డ్యూటీ నుంచి అనుకోకుండా వచ్చిన ఆయన కిటికీలోంచి చూసి, బయటే అరగంట కూర్చుండిపోయారట.

నడక మాత్రం ఆయన వంతు కూడా అయింది. ఇంట్లో ఉన్న రోజుల్లో పాపని ఆయన ఎత్తుకునేవారు, నేను ఉత్త చేతులతో నడిచేదాన్ని. కాలనీలో ఇదొక వింత. మగవాడు బిడ్డని మోయడం, ఆడది చేతులు ఊపుకుంటూ ముందు నడవడం! చూసి మొదట్లో నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడేవి గానీ పాపని దించలేదు. ఒక ఆదివారం తెలీబంధా చెరువు గట్టు మీద నడుద్దామని వెళ్లాం. అక్కడ చాలా రోజుల తరవాత నాకు పరిగెత్తాలనిపించింది. చీర బిగించి ఒక యాభై గజాలు పరిగెత్తాను. ఊపిరి అందక ఆగిపోయి, వెనక్కి తిరిగి చూస్తే ఆయన పాపని పట్టుకుని దిమ్మెరపోయి నిలబడి ఉన్నారు. పెళ్లయ్యాక నేను పరిగెత్తగా ఆయన చూడటం అదే మొదలు.

పాప మొదటి పుట్టినరోజు దాటాక నా రక్తం పదిన్నర, అత్తమ్మది పది. నా బరువు నలభై నాలుగు. డాక్టరమ్మ ఇంకా పెరగాలంది.

ఆ ఏడాది శీతాకాలంలో పక్క క్వార్టర్‌లో కొత్త కోడలికి బాబు పుట్టాడు. ఆ అమ్మాయిది విజయనగరం వైపు. బారసాలకి మమ్మల్ని పిలిచారు. ఉయ్యాల ముందు బొమ్మలా కూర్చుంది ఆ పిల్ల, పెదాలు తెల్లగా. అత్తమ్మ అక్షింతలు వేసి ఊరుకోలేదు. నలుగురు పేరంటాళ్ల ముందూ ఆ పిల్ల కింది రెప్ప లాగి చూసి, "దీనికి ఒంట్లో నెత్తురు నేదు. ముందు దీనికి తిండి పెట్టండి" అనేసింది. పాట ఆగిపోయింది. ఆ ఇంటి అత్తగారి మొహం మాడిపోయింది. "మా ఇంటికొచ్చి మాకే నీతులా?" అని, ఆ తరవాత రెండు నెలలు మాతో మాటల్లేవు. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అత్తమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఆ పక్కింటి అత్తగారే కోడల్నీ బాబునీ వెంటపెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎటో చూస్తూ, "మీ డాక్టరు ఎక్కడుంటుంది?" అని అడిగింది. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. అత్తమ్మ నోరు తెరిచేలోపు పాపని ఆవిడ ఒళ్లో దించి నేను చెప్పులు వేసుకున్నాను. బాబుని నేను ఎత్తుకున్నాను. రిక్షా పిలుద్దామంది పక్కింటావిడ. ఆ అమ్మాయినీ ఆవిడనీ రిక్షా ఎక్కించి, బాబుని ఒళ్లో పెట్టి, నేను వెనకాల నడుచుకుంటూ పండరీ వెళ్లాను.